చార్టు మీదికి ఎక్కడం తేలిక, దిగడమే కష్టం: బూవే దీవి గురించి

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది. "అంటార్కిటికా వైపు బూవే అని ఒక దీవి ఉంది. అక్కడ మనుషులు ఎప్పుడూ లేరు. మరి దానికి మ్యాపు ఎవరు వేశారు, పేరు ఎవరు పెట్టారు? ఒక్కో చోట ఒక్కో పేరు ఎందుకు కనిపిస్తోంది? దాని పక్కన థాంప్సన్ అనే ఇంకో దీవి ఉండేదనీ, మునిగిపోయిందనీ అంటున్నారు. నిజమేనా?"

ముందు నా సంగతి చెప్తాను, నా మాటకు ఎంత విలువ ఇవ్వాలో మీరే తేల్చుకోవచ్చు. నేను మర్చంట్ నేవీలో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు ఉండేది కాకినాడలో. బూవే దీవిని నేను కళ్లారా చూడలేదు. చూసినవాళ్లు ప్రపంచం మొత్తంలోనే చాలా తక్కువ. కానీ సెకండ్ మేట్‌గా ఉన్న ఆరేళ్లూ ఓడలోని చార్టులన్నిటినీ, అంటే సముద్రపు మ్యాపులన్నిటినీ, దిద్దే పని నాదే. ఒక దీవి చార్టు మీదికి ఎలా ఎక్కుతుంది, ఎలా దిగుతుంది అన్నది నాకు పుస్తకంలో చదివిన విషయం కాదు, వేళ్లకు సిరా అంటించుకుని నేర్చుకున్న పని. అందుకే ఇంత పొడుగు జవాబు.

ముందు దీవి ఎక్కడుందో చూడండి. దక్షిణ అట్లాంటిక్ అడుగున, సుమారు 54 డిగ్రీల 25 నిమిషాల దక్షిణ అక్షాంశం, 3 డిగ్రీల 22 నిమిషాల తూర్పు రేఖాంశం. వైశాల్యం 49 చదరపు కిలోమీటర్లు. అందులో 93 శాతం హిమానీనదమే. అది ఒక అగ్నిపర్వతం, నెత్తిన మంచు టోపీ పెట్టుకుని సముద్రంలో నిలబడింది. ఎత్తైన శిఖరం 780 మీటర్లు. దక్షిణాన దగ్గరి నేల అంటార్కిటికా తీరం, అది సుమారు 1,700 కిలోమీటర్లు. కేప్‌టౌన్ ఇంకా దూరం, 2,500 కిలోమీటర్ల పైమాటే. చుట్టూ నిట్టనిలువు మంచు గోడలు, రాతి కొండచరియలు. ఓడ ఆపుకోవడానికి రేవు లేదు, పడవ దించుకోవడానికి ఇసుక తీరం కూడా సరిగా లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు మబ్బో పొగమంచో కప్పేసి ఉంటుంది.

780 మీటర్ల కొండ సముద్రం మధ్య ఉంటే, లెక్క ప్రకారం ఆకాశం తేటగా ఉన్న రోజు వంద కిలోమీటర్ల దూరం నుంచే దాని కొన కనిపించాలి. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకోండి, థాంప్సన్ దగ్గర పనికొస్తుంది.

మొదట చూసింది ఫ్రెంచివాడు, జాన్ బాతిస్త్ చార్ల్ బూవే ద లోజియే. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. దక్షిణాన ఎక్కడో పచ్చటి పెద్ద ఖండం ఉందని, కంపెనీ ఓడలు తూర్పుకు పోయేటప్పుడు ఆగి నీళ్లూ తిండీ నింపుకోవడానికి పనికొస్తుందని అప్పట్లో నమ్మకం. దాన్ని వెతకడానికి 1738లో ఏగల్, మారీ అనే రెండు ఓడలతో బయల్దేరాడు. 1739 జనవరి 1న పొగమంచులోంచి మంచు కప్పిన ఎత్తైన నేల ఒకటి కనిపించింది. రోజుల తరబడి చుట్టుపక్కల తచ్చాడినా పొగమంచు వదలలేదు. దిగలేకపోయాడు. చుట్టూ తిరిగి చూడలేకపోయాడు కాబట్టి అది దీవో, ఖండం తాలూకు ముక్కో కూడా తేలలేదు. ఖండం కొస అనే అనుకుని 'సర్కంసిజన్ అగ్రం' అని పేరు పెట్టాడు. జనవరి 1 క్రైస్తవ క్యాలెండరులో బాలయేసుకు సున్తీ చేసిన పండుగ రోజు. పండుగ రోజున కనిపించింది కాబట్టి పండుగ పేరు, అంతే. అప్పటి నావికులకు అది మామూలు అలవాటు.

ఈ బూవే మన తీరానికి కొత్తవాడు కాదు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారని మన చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు. 1748లో ఇంగ్లీషు నౌకాదళం కళ్లుగప్పి మద్రాసుకు డబ్బూ సైనికులనూ చేర్చి ఫ్రెంచి గవర్నర్ డూప్లేకు ఊపిరి పోసింది ఈయనే. తర్వాత బూర్బోన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కు, గవర్నరయ్యాడు. ఇంత చేసినా ఆయన పేరు నిలబడింది మాత్రం తాను అడుగు పెట్టని, ఏమిటో తెలియని ఆ మంచుగడ్డ వల్లే.

ఇక అసలు చిక్కు. బూవే అక్షాంశం దాదాపు సరిగానే రాశాడు. రేఖాంశం తప్పింది. ఇది ఎందుకో తెలిస్తే తర్వాతి 160 ఏళ్ల గందరగోళం అర్థమైపోతుంది, అందుకే కాస్త ఆగి చెప్తాను.

అక్షాంశం కనుక్కోవడం తేలిక. మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో కొలిస్తే చాలు, పట్టికలో ఆ రోజు అంకె చూసి కూడికా తీసివేతా చేయడమే. రేఖాంశానికి మాత్రం గడియారం కావాలి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మీ దగ్గర మధ్యాహ్నమైనప్పుడు బయల్దేరిన ఊళ్లో ఎన్ని గంటలైందో తెలిస్తే ఎన్ని డిగ్రీలు జరిగారో తెలుస్తుంది. 1739లో నెలల తరబడి సముద్రంలో ఊగుతూ కూడా తప్పకుండా నడిచే గడియారం లేదు. మరి ఏం చేసేవాళ్లు? ముళ్లు వేసిన తాడుకు చెక్కముక్క కట్టి నీళ్లలో వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముళ్లు జారాయో లెక్కపెట్టి వేగం రాసుకునేవాళ్లు. దిక్కు, వేగం, గంటలు కలిపి ఇంత దూరం వచ్చి ఉంటాం అని అంచనా. ఆ లెక్కకు అడుగున సముద్రపు ఒరవడి ఓడను ఎటు తోస్తోందో తెలియదు. నెలలు గడిచేసరికి చిన్న చిన్న తప్పులన్నీ పోగుపడతాయి.

పైగా ఆ రోజుల్లో రేఖాంశానికి సున్నా ఎక్కడ అన్నదానికీ అందరిదీ ఒకే మాట కాదు. తర్వాత ఇంగ్లీషువాళ్లు బూవే అంకెను గ్రీనిచ్ లెక్కలోకి మార్చుకుంటే 11 డిగ్రీల 20 నిమిషాల తూర్పు అని వచ్చింది. అసలు చోటు 3 డిగ్రీల 22 నిమిషాలు. తేడా సుమారు 8 డిగ్రీలు. ఆ అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 65 కిలోమీటర్లు, అంటే మొత్తం 500 కిలోమీటర్లు దాటుతుంది. హైదరాబాద్ నుంచి విశాఖకు గాల్లో వెళ్లేంత దూరం. హైదరాబాదులో ఉన్న ఇంటికి విశాఖ అడ్రసు రాసి, పొగమంచులో వెతుక్కోమన్నట్టు.

వెతుక్కున్నవాళ్లు మామూలు మనుషులు కాదు. జేమ్స్ కుక్ రెండో యాత్రలో, 1772లో కేప్‌టౌన్ నుంచి దక్షిణానికి తిరిగినప్పుడు ఆయనకున్న ఆదేశాల్లో మొదటిది ఈ అగ్రాన్ని కనిపెట్టమనే. ఆయన చేతిలో అప్పటికి మంచి గడియారం కూడా ఉంది, హారిసన్ అనే ఇంగ్లీషు గడియారాల పనివాడు సముద్రం కోసం చేసిన దానికి నకలు. తానెక్కడున్నాడో కుక్‌కు బాగా తెలుసు, బూవే ఎక్కడున్నాడో బూవేకే తెలియదు. 1775లో తిరిగి వచ్చేటప్పుడు కూడా వెతికాడు, దొరకలేదు. బూవే చూసింది నేల కాదు, మంచుకొండలే అయి ఉంటాయని తేల్చేశాడు. కుక్ లాంటివాడు లేదంటే ఇక లేనట్టే కదా. అలా మొదటిసారి ఉన్న దీవి మ్యాపులోంచి దాదాపు జారిపోయింది.

1808లో ఎండర్బీ అనే లండన్ తిమింగలాల వ్యాపారుల ఓడలు రెండు, స్వాన్, ఆటర్, దాని పక్కగా వెళ్లాయి. స్వాన్ కెప్టెన్ పేరు జేమ్స్ లిండ్సే. ఆయన చెప్పిన చోటు బూవే చెప్పిన చోటుకు చాలా దూరం కాబట్టి, ఇది వేరే దీవి అనుకుని 'లిండ్సే దీవి' అన్నారు. 1822లో బెంజమిన్ మొరెల్ అనే అమెరికన్ తాను దిగి సీళ్లను వేటాడానని రాశాడు, కానీ ఆయన వర్ణనలో ఆ దీవిని నిండా కప్పిన మంచు ఊసే లేదు. నేను ఆ మాట నమ్మను. అదే ఎండర్బీ కంపెనీకి చెందిన జార్జ్ నోరిస్ స్ప్రైట్లీ, లైవ్లీ అనే ఓడలతో 1825 డిసెంబరులో వచ్చి, 16వ తేదీన మనుషులను దింపి, ఇంగ్లండు రాజు పేరిట జెండా పాతించి, 'లివర్‌పూల్ దీవి' అన్నాడు.

మీరు అడిగిన 'ఒక్కో చోట ఒక్కో పేరు ఎందుకు' అన్నదానికి జవాబు ఇదే. మూడు దేశాల పోటీ వల్ల వచ్చిన మూడు పేర్లు కావవి. మూడు అడ్రసుల వల్ల వచ్చినవి. చూసిన ప్రతివాడూ అంతకుముందువాడి అంకెతో తన అంకె కలవలేదు కాబట్టి తాను కొత్తది చూశాననుకున్నాడు.

నోరిస్ ఇంకో పని చేశాడు. బూవేకి ఈశాన్యంగా 15 లీగుల దూరంలో, అంటే దాదాపు 45 మైళ్ల దూరంలో, ఇంకో చిన్న దీవి చూశానని రాసి దానికి 'థాంప్సన్' అని పేరు పెట్టాడు. దాని దగ్గర మూడు రాళ్లు నిలువుగా నిలబడి ఉన్నాయని, వాటికి 'పొగగొట్టాలు' అనీ పేరు పెట్టాడు. వివరం చూడండి ఎంత నమ్మకంగా ఉందో. ఉత్త దీవి అంటే అనుమానించేవాళ్లు కూడా పొగగొట్టాల్లాంటి మూడు రాళ్లు అనేసరికి నమ్మేస్తారు. థాంప్సన్ చార్టుకెక్కింది.

ఎక్కినవాటిని దింపడం గురించి ఇప్పుడు చెప్పాలి.

మేం వాడిన కాగితం చార్టులకు వారం వారం దిద్దుబాట్ల పుస్తకం వచ్చేది, 'నోటీసెస్ టు మెరినర్స్' అని. రేవు చేరేసరికి ఒక్కోసారి ఆరేడు వారాలవి కట్టగా ఏజెంటు తెచ్చిచ్చేవాడు. వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, దిగాక నిద్ర మానుకుని చార్టు రూములో కూచుని, సన్నటి పాళీతో, ఊదారంగు సిరాతో ఒక్కొక్కటీ ఎక్కించాలి. ట్రేసింగ్ కాగితం పరిచి, గుర్తు ఉన్నచోట సూదితో గుచ్చి, కాగితం తీసి, ఆ చుక్క మీద బొమ్మ గీయాలి. చివర్లో చార్టు ఎడమ పక్క కింది మూల ఆ నోటీసు నంబరు రాయాలి. కొత్తలో నాకు పైవాళ్లు నేర్పిన మొదటి నియమం: తీసేయమన్న గుర్తును బ్లేడుతో గీకకూడదు, తెల్ల రంగు పూయకూడదు. ఊదా గీత ఒకటి అడ్డంగా కొట్టాలి, కిందిది చదవగలిగేలా ఉండాలి. ఎందుకంటే రేపు ఆ తీసివేతే తప్పని తేలవచ్చు.

ఉందో లేదో తెలియనివాటికి ప్రత్యేక గుర్తులున్నాయి. చోటు ఇంచుమించు, చోటు అనుమానం, ఉనికే అనుమానం అని మూడు రకాలు. మూడూ ఇంగ్లీషు పొట్టి అక్షరాల్లో రాతిగుర్తు పక్కన ఉంటాయి. మహాసముద్రాల చార్టుల్లో ఇలాంటివి బోలెడు. వాటిలో చాలా భాగం ఎవడో ఒక కెప్టెన్ ఎప్పుడో ఒక సాయంత్రం చూసిన రంగు మారిన నీళ్లే.

అలాంటిది నేనూ ఒకటి ఎక్కించబోయాను. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఒక తెల్లవారుజామున, నా వాచ్‌లో, కుడివైపు నీళ్లు పచ్చగా, లోతు తక్కువున్నచోట ఉండే రంగులో కనిపించాయి. చార్టు మీద అక్కడ వేల మీటర్ల లోతు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, టెన్షన్‌తో పాటు లోపల సంబరం కూడా. ఏదో కొత్తది కనిపెట్టానని. ఇలాంటివి చూస్తే పంపడానికి ఒక ఫారం ఉంటుంది. దాన్ని చక్కగా నింపి కెప్టెన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మలయాళీ, మాట తక్కువ మనిషి. "లోతు కొలిచావా?" అన్నాడు. ఎకో సౌండర్ ఆన్ చేసేలోపే దాటిపోయామన్నాను. "అయితే నువ్వు చూసింది రంగు. ఇది పంపావంటే చార్టు మీద గుర్తు పడుతుంది. నీ తర్వాత ముప్పై ఏళ్లు ప్రతి ఓడా దాని చుట్టూ తిరిగి వెళ్తుంది. దగ్గరికి పోయి లేదని చెప్పే ధైర్యం ఎవడికీ ఉండదు" అని ఫారం వెనక్కిచ్చేశాడు. అది నాచు అయి ఉంటుందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

థాంప్సన్ విషయంలో జరిగింది అచ్చంగా ఇదే. ఉందని చెప్పడానికి ఒక సాయంత్రం, ఒక కెప్టెన్ చాలు. లేదని చెప్పాలంటే ఆ చుట్టుపక్కల సముద్రమంతా, మబ్బు లేని రోజుల్లో, మంచి గడియారంతో గాలించాలి. 1843లో జేమ్స్ క్లార్క్ రాస్ వెతికాడు, 1845లో పగోడా ఓడలో థామస్ మూర్ వెతికాడు. వాళ్లకు థాంప్సన్ మాట దేవుడెరుగు, బూవే కూడా దొరకలేదు. పెద్ద దీవే దొరకనప్పుడు చిన్నది లేదని ఎలా అంటారు? ఇంతలో 1893లో జోసెఫ్ ఫుల్లర్ అనే అమెరికన్ సీళ్ల వేటగాడు థాంప్సన్‌ను తానూ చూశానన్నాడు. ఆ దీవికి ఇంకొన్ని దశాబ్దాల ఆయుష్షు.

చిక్కుముడి విప్పింది జర్మన్లు. సముద్రపు లోతుల్లో జీవాలను పరిశీలించడానికి జీవశాస్త్రవేత్త కార్ల్ చున్ నాయకత్వంలో బయల్దేరిన వాల్డీవియా అనే ఆవిరి ఓడ, 1898 నవంబరు 25న బూవేను పట్టుకుంది. పట్టుకున్న పద్ధతి చూడండి. బూవే, లిండ్సే, నోరిస్ ముగ్గురు చెప్పిన చోట్లూ తీసుకుని, ఆ ప్రాంతమంతా జల్లెడ పట్టారు. తెరచాప ఓడకు గాలి ఎటు పోనిస్తే అటే దారి, ఆవిరి ఓడకు ఆ బాధ లేదు. దిగలేకపోయారు కానీ కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు తీశారు. అప్పటికి బూవే మొదట చూసి 159 ఏళ్లు. ఇంకో మాటలో చెప్పాలంటే, మొదటి మనిషికి మంచులో ఒక కొండ కనిపించింది, వాల్డీవియా దాన్ని దీవిని చేసింది. ఎక్కడుందో తెలిసి మళ్లీ వెళ్లి చూడగలిగినప్పుడే అది దీవి. నా వృత్తిలో దానికి వేరే నిర్వచనం లేదు. పనిలో పనిగా థాంప్సన్ కోసమూ వెతికారు, కనిపించలేదు.

ఇక 'మ్యాపు ఎవరు వేశారు' అన్నదానికి. నార్వేవాళ్లు. లార్స్ క్రిస్టెన్సెన్ అనే తిమింగలాల వేట ఓడల యజమాని సొంత డబ్బుతో పంపిన నోర్వేజియా అనే ఓడ, హరాల్డ్ హోర్న్‌ట్వెట్ నాయకత్వంలో 1927 డిసెంబరు 1న అక్కడికి చేరింది. దిగి, జెండా నాటి, నెల రోజుల దాకా చుట్టుపక్కలే ఉండి కొలతలు తీసుకున్నారు. 1928 జనవరి 23న రాజు ఉత్తర్వుతో దీవి నార్వేదయింది. పేరు 'బూవేటోయా'. చివరి 'ఓయా' అంటే నార్వే భాషలో దీవి అనే, అందుకని 'బూవేటోయా దీవి' అంటే మనం 'నడిమధ్య' అన్నట్టే. క్రిస్టెన్సెన్‌కు భూగోళం మీద అంత ప్రేమ ఏమిటంటే, తిమింగలాలు. ఇంగ్లీషువాళ్ల రేవుల్లో ఇంగ్లీషు లైసెన్సు, ఇంగ్లీషు పన్ను తప్పించుకోవాలంటే సొంత జెండా ఉన్న రేవు కావాలి.

లండన్ ఊరుకుంటుందా? 1825లోనే మా నోరిస్ దిగాడు కదా అంది. పైగా అప్పుడే ఇంకో నార్వే కంపెనీకి బూవేలోనూ థాంప్సన్‌లోనూ వేటకు లైసెన్సు ఇచ్చి ఉన్నారు. లేని దీవికి లైసెన్సు! కానీ నోరిస్ కాగితాల్లో రెండు దీవులున్నాయి, ఆయన దిగింది ఏది, అది ఈ దీవేనా అని గట్టిగా అడిగితే చెప్పడం కష్టం. రెండేళ్లు తిరక్కుండానే ఇంగ్లండు వదులుకుంది. 1930 ఫిబ్రవరి 27 నాటి చట్టంతో దీవి నార్వే అధీన ప్రాంతమైంది. ఒక తప్పు రేఖాంశం దావా పోగొట్టిందన్నమాట.

అలాంటి తీరానికి ఓడ మీది నుంచి మ్యాపు ఎలా వేస్తారో రెండు ముక్కల్లో. తీరం వెంబడి ఓడ తిన్నగా పోతూ ఉంటుంది. కొండకొస, నల్లబండ, హిమానీనదం అంచు, ఇలా గుర్తుపట్టగలిగేవి ఏరుకుని ప్రతిదానికీ దిక్సూచితో కోణం రాసుకుంటారు. ఓడ కొంత జరిగాక మళ్లీ అవే గుర్తులకు కోణాలు. రెండు గీతలు కలిసినచోట ఆ గుర్తు చుక్క పడుతుంది. ఎత్తులు సెక్స్‌టెంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో. పడవ దించి తాడూ సీసపు గుండూ వదిలి లోతు చూస్తారు. అలా చుక్కలన్నీ కలిపితే తీరం.

ఇక్కడే పేర్లు పుడతాయి. చేసినవాళ్లకే తెలిసిన సంగతి ఇది. నోట్‌బుక్కులో 'ఎడమ నుంచి రెండో నల్లబండకు ఇంత కోణం' అని రాసుకుంటే, ఓడ ముందుకు జరిగాక అది రెండోది కాదు, నాలుగోది. కాబట్టి పేరు పెట్టక తప్పదు. గౌరవం కోసం, దేశభక్తి కోసం పేర్లు పెట్టారని అందరూ అనుకుంటారు. ముందు అవసరం, తర్వాతే గౌరవం. అవసరం పడ్డాక ఎవరి పేరు గుర్తొస్తుంది? డబ్బు పెట్టినవాడిది, రాజుది, ఓడలో పక్కనున్నవాడిది.

బూవే మ్యాపు తెరిస్తే ఆ వరసంతా పొరలు పొరలుగా కనిపిస్తుంది. ఎత్తైన శిఖరం ఓలావ్‌టోపెన్, అప్పటి యువరాజు ఓలావ్ పేరు. నైరుతిన అంటుకున్నట్టున్న చిన్న దీవి లార్సోయా, డబ్బు పెట్టిన లార్స్ పేరు. మోస్బీ శిఖరాలు, రుస్టాడ్ కొండ అనేవి నోర్వేజియాలో వెళ్లిన శాస్త్రవేత్తల పేర్లు. వాళ్లు పాతవాళ్ల పేర్లను చెరిపేయలేదు, అది నాకు నచ్చే విషయం. జర్మన్ ఓడ గుర్తుగా వాల్డీవియా అగ్రం ఉంది. వాయవ్య మూల బూవే పెట్టిన సర్కంసిజన్ అగ్రం అలాగే ఉంది. ఆయన ఖండానికి పెట్టిన పేరు దీవిలో ఒక మూలకు కుదించుకుపోయింది, అంతే.

లార్స్ క్రిస్టెన్సెన్ కథ మనకూ కాస్త తగిలింది. అంటార్కిటికాలో మన 'భారతి' కేంద్రం 2012 నుంచి పనిచేస్తోంది కదా, అది ఉన్న చోటు లార్సెమన్ కొండలు. 1935లో ఇదే క్రిస్టెన్సెన్ పంపిన ఓడవాళ్లు చూసి పెట్టిన పేరది.

ఇప్పుడు అధికారికంగా ఎవరు పెడతారంటారా? బూవే 60 డిగ్రీలకు ఉత్తరాన ఉంది కాబట్టి అంటార్కిటిక్ ఒప్పందం కిందికి రాదు. నార్వే సొంత భూమి. పేర్ల బాధ్యత నార్వే ధ్రువ పరిశోధన సంస్థది. 60కి దక్షిణాన అయితే కథ వేరు. అక్కడ నేల ఎవరిదన్నదే తేలలేదు, కాబట్టి ఏ దేశం పేర్లు ఆ దేశం పెట్టుకుంటుంది. ఒకే కొండకు రెండు మూడు పేర్లుండవచ్చు. అన్నిటినీ పక్కపక్కన చేర్చి అంతర్జాతీయ అంటార్కిటిక్ శాస్త్ర సంఘం ఒక ఉమ్మడి జాబితా నడుపుతోంది, ఇది సరైంది అది కాదు అని తీర్పు చెప్పదు. అమెరికావాళ్ల నియమాల్లో పెంపుడు కుక్కల పేర్లు, అమ్మే సరుకుల పేర్లు పెట్టకూడదని ఉంది. అలాంటివి అడిగినవాళ్లు ఉండబట్టే కదా ఆ నియమం!

అన్నిటికంటే నాకు ఇష్టమైన పేరు న్యూరోయ్సా. 1955లో దక్షిణాఫ్రికా నౌకాదళం ఓడ ట్రాన్స్‌వాల్ వాతావరణ కేంద్రం పెట్టడానికి చోటు దొరుకుతుందేమోనని వచ్చి, చదునైన నేల లేదని తిరిగిపోయింది. 1958 జనవరిలో అమెరికా ఓడ వెస్ట్‌విండ్ వచ్చేసరికి పడమటి తీరంలో చదునైన నేల ఉంది. ఆ మధ్యలో ఎప్పుడో కొండచరియ విరిగి సముద్రంలో పడి తీరంలో మెట్టులా నిలిచిపోయింది. ఎప్పుడు పడిందో చూసినవాడు లేడు. న్యూరోయ్సా అంటే 'కొత్త రాళ్లకుప్ప' అని అర్థం. రాజూ లేడు, యజమానీ లేడు, ఉన్నదున్నట్టు పేరు. ఇప్పుడు పెంగ్విన్లు, సీళ్లు పిల్లల్ని పెట్టేది అక్కడే, మనుషులు దిగేదీ అక్కడే. 1996లో నార్వేవాళ్లు అక్కడ ఒక కేంద్రం నిలబెడితే, 2006 భూకంపానికి కదిలి, ఆ తర్వాత కొట్టుకుపోయింది. 2014లో మళ్లీ కట్టారు.

ఇక థాంప్సన్ మునిగిపోయిందా? అగ్నిపర్వతం పేలి 1890లలో మాయమైందని ఒక వాదం ఉంది, ఇంటర్నెట్‌లో మీరు చదివింది అదే అయి ఉంటుంది. ఫుల్లర్ చూశానన్నది 1893, వాల్డీవియాకు కనిపించనిది 1898, మధ్యలో పేలి ఉంటుందని లెక్క. వినడానికి బాగుంది. కానీ ఆ చోట సముద్రం లోతు 2 వేల మీటర్లకు పైనే అని తర్వాత తేలింది. అంత పెద్ద కొండ అడుగంటా పోతే మొండెమైనా మిగలాలి.

నా ఊహ ఇది, ఊహగానే తీసుకోండి. ఆ సముద్రాల్లో మట్టీ రాళ్లూ మోసుకొచ్చే నల్లటి మంచుకొండలుంటాయి. తలకిందులైనవి చూస్తే అచ్చం బండే. లేదా నోరిస్ చూసింది బూవేనే, ఒకరోజు మబ్బులోంచి ఒక పక్క, మూడు రోజుల తర్వాత ఇంకో పక్క, మధ్యలో లెక్క తప్పి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఇప్పుడు తీయండి. తేటగా ఉన్న రోజు బూవే శిఖరం వంద కిలోమీటర్లకు కనిపిస్తుంది. నోరిస్ చెప్పిన 45 మైళ్లు సముద్రపు మైళ్లే అనుకున్నా 83 కిలోమీటర్లు. నిజంగా రెండు దీవులుంటే, వాతావరణం బాగున్న రోజున ఒకదాని దగ్గర నిలబడి రెండోదాన్ని చూసినట్టు ఎవరో ఒకరు రాయాలి. రెంటినీ ఒకే చూపులో కొలిచిన కాగితం మాత్రం లేదు.

ఉపగ్రహాలొచ్చాక ఇవన్నీ ఎక్కడివి అనుకోకండి. న్యూకలెడోనియా దగ్గర శాండీ ఐలాండ్ అనే దీవి 1876లో ఒక తిమింగలాల ఓడ మాట మీద చార్టుకెక్కి, గూగుల్ మ్యాపుల దాకా బతికింది. 2012లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల ఓడ నేరుగా దాని మీదుగా పోతే 1,300 మీటర్లకు పైగా లోతు వచ్చింది. ఫ్రెంచివాళ్లు తమ చార్టుల్లోంచి 1970లలోనే తీసేశారు, మిగతావాళ్లు దాన్ని చూసుకోలేదు.

ధ్రువాల దగ్గరిది ఇంకా తాజాది. 2021లో గ్రీన్‌లాండ్‌కు ఉత్తరాన ప్రపంచంలోనే అన్నిటికంటే ఉత్తరపు దీవి దొరికిందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. హెలికాప్టరులో వెళ్లి దాని మీద దిగారు, మట్టీ రాళ్లూ కాళ్ల కింద ఉన్నాయి. 'కెకర్టాక్ అవన్నార్లెక్' అని పేరు కూడా అనుకున్నారు, గ్రీన్‌లాండ్ భాషలో ఉత్తరపు కొసదీవి అని. మరుసటి ఏడాది ఇంకో బృందం వెళ్లి చుట్టూ లోతు కొలిచింది. అది దీవి కాదు, మట్టీ కంకరా కప్పుకుని అడుగుకు తట్టి ఆగిన మంచుకొండ అని తేలింది.

మీరు మ్యాపు చూడాలనుకుంటే నార్వే ధ్రువ సంస్థ వెబ్‌సైట్‌లో బూవే మ్యాపు, పేర్ల జాబితా ఉచితంగా ఉన్నాయి, ఒక్కో పేరు ఎందుకు పెట్టారో కూడా ఇచ్చారు. ఉపగ్రహ చిత్రాలు వెతికితే మాత్రం ఓపిక పట్టండి. చాలా రోజులవి తెల్లటి మబ్బే. ఎప్పుడైనా తేటగా దొరికితే పడమటి అంచున న్యూరోయ్సా నల్లగా కనిపిస్తుంది.